ఇంటర్ సగంలో పిల్లోడు మిలిటరీకి పోతానంటే: ఇంటికొచ్చేది ఎంత, ఇంట్లోంచి పోయేది ఎంత

పోయిన మార్చిలో, ఫస్టియర్ పరీక్షలు అయిపోయిన వారానికి, ఒకామె కొడుకును వెంటబెట్టుకుని మా షాపుకొచ్చింది. ఉరవకొండలో బస్టాండుకు కాస్త ఎగువన మాది నెట్ సెంటరు. జిరాక్సులు, దరఖాస్తులు, హాల్ టికెట్లు, అదే మా వ్యాపారం. పిల్లోడు గడప బయటే నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ఆమె చేతిలో బట్టల షాపు కవరు, అందులో పదో తరగతి మెమో, ఆధార్లు, రైస్ కార్డు, మడతలు పడిన బ్యాంకు పుస్తకం.

"అన్నా, వీడు అగ్నివీర్ రాస్తాడంట. రాయనీ. అది కాదు నాకు కావాల్సింది. వీడు కాలేజీ మానేస్తే తల్లికి వందనం ఆగిపోతుందా? వీడికి జీతమొస్తే మా అత్త పింఛను తీసేస్తారా?" అంది.

ఇరవై ఏళ్లుగా దరఖాస్తులు నింపుతున్నా, ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ. వీడియోల్లో అందరూ జీతం చెబుతారు, పరుగు టైము చెబుతారు. ఇంటి లెక్క ఎవరూ చెప్పరు. ఆరోజు నేను ఒక జిరాక్సు కాగితం వెనకవైపు ఆమెకు రాసిచ్చిన లెక్కే ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నా. అనంతపురం, కర్నూలు, కడప ఎక్కడైనా లెక్క ఒకటే. మూడు జిల్లాల పిల్లలూ ఆర్మీకైతే గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు కిందికే వస్తారు.

ముందు కాలేజీలో ఉన్నంతకాలం వచ్చేది

ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ప్రతి పిల్లకూ, పిల్లోడికీ తల్లికి వందనం కింద ఏడాదికి 15,000. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా తల్లి ఖాతాలో 13,000 పడుతుంది. 2025 జూన్‌లో మొదలైన ఈ పథకంలో ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ ఇస్తారు. షరతు 75 శాతం హాజరు. ఈ హాజరు మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దానికే వస్తాం.

గవర్నమెంటు జూనియర్ కాలేజీ అయితే పుస్తకాలు ఉచితం, 2025 జనవరి నుంచి మధ్యాహ్నం అన్నం కూడా పెడుతున్నారు. బీసీ, ఎస్సీ హాస్టల్లో ఉంటే తిండీ వసతీ కూడా కలిశాయి. ఇవన్నీ పిల్లోడు కాలేజీ రిజిస్టర్లో ఉన్నంతవరకే. పేరు కొట్టేసిన రోజున అన్నీ ఆగుతాయి. సైన్యం తీసుకుందా లేదా అన్నది ఆ రిజిస్టరుకు పట్టదు.

అగ్నివీర్ అయితే చేతికొచ్చేది

2022 జూన్‌లో అగ్నిపథ్ అనే నాలుగేళ్ల సర్వీసు పథకం ప్రకటించాక సిపాయిగా చేరే దారి ఇదే, అలా చేరినవాడే అగ్నివీర్. పథకం పెట్టినప్పుడు చెప్పిన వయసు 17 ఏళ్ల 6 నెలల నుంచి 21 దాకా. 18 నిండకపోతే చేరే కాగితం మీద తల్లో తండ్రో, లేకపోతే సంరక్షకుడో సంతకం పెట్టాలి. అంటే మీ సంతకం లేకుండా వాడు పోలేడు. ఈ మాట తల్లులకు చెబితే చాలామందికి కాస్త ధైర్యమొస్తుంది.

జీతం ట్రైనింగ్ మొదటి నెల నుంచే. మొదటి ఏడాది నెలకు 30,000, అందులో 9,000 సేవానిధికి, అంటే బయటికొచ్చేటప్పుడు ఒకేసారి ఇచ్చే పొదుపుకు, పట్టుకుని 21,000 చేతికిస్తారు. రెండో ఏడాది 23,100, మూడో ఏడాది 25,550, నాలుగో ఏడాది 28,000 చేతికి. ఉండే చోటును బట్టి వచ్చే అలవెన్సులు వేరు. వాడి దగ్గర పట్టుకున్నది నాలుగేళ్లకు 5.02 లక్షలు అవుతుంది, ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. వడ్డీతో బయటికొచ్చేటప్పుడు 11.71 లక్షల చిల్లర, దాని మీద ఇన్‌కమ్ టాక్సు లేదు.

ఇంతవరకు వినగానే ఊళ్లో అందరి మొహాలు వెలిగిపోతాయి. సరే. ఇప్పుడు లేనివి చూడండి. పింఛను లేదు. గ్రాట్యుటీ లేదు. నాలుగేళ్లయ్యాక మాజీ సైనికుడన్న హోదా లేదు, మాజీ సైనికులకుండే ఆరోగ్య పథకం లేదు, క్యాంటీన్ కార్డు లేదు. మిలిటరీ ఆసుపత్రి, క్యాంటీన్ సర్వీసులో ఉన్న నాలుగేళ్లే. మీ పక్కింటి సుబేదారు తాత నెలనెలా పింఛను తెచ్చుకుని, క్యాంటీన్ నుంచి సామాన్లు తెచ్చుకోవడం చూసి పిల్లోడిని పంపుతుంటే, ఆ తాత ఎక్కిన బండి వేరు, వీడు ఎక్కబోయేది వేరు. నలుగురిలో ఒకరిని, అంటే 25 శాతం దాకా, పర్మనెంటుగా తీసుకుంటారు. వాళ్లు ఇంకో 15 ఏళ్లకు తక్కువ కాకుండా చేస్తారు, వాళ్లకు మామూలు సైనికుల హక్కులన్నీ ఉంటాయి. మీ వాడు ఆ ఒక్కడు అవుతాడనుకుని ఇంటి లెక్క వేసుకోవద్దు. మిగతా ముగ్గురిలో ఉంటాడనుకుని వేసుకోండి, అయితే సంతోషమే.

ఇంకో రెండు సంగతులు. నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు. మధ్యలో నా వల్ల కాదని వచ్చేస్తే, అదీ పైవాళ్లు ఒప్పుకుంటేనే, సేవానిధిలో వాడి వాటా వడ్డీతో ఇస్తారు, ప్రభుత్వ వాటా ఇవ్వరు.

పింఛను, కార్డు, చెల్లెలి డబ్బులు

ఆమె అసలు ప్రశ్న ఇదే. రైస్ కార్డుకైనా, ఎన్టీఆర్ భరోసా పింఛనుకైనా, తల్లికి వందనానికైనా మన రాష్ట్రంలో జల్లెడ దాదాపు ఒకటే. పల్లెల్లో కుటుంబం నెల ఆదాయం 10,000, పట్నంలో 12,000 దాటకూడదు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. భూమి, కరెంటు యూనిట్లు, నాలుగు చక్రాల బండి లాంటివి ఇంకా ఉన్నాయి, అవి ఇక్కడ వద్దు. పిల్లోడి చేతికి 21,000 వస్తుంటే, ఉద్యోగి అన్న మాట పక్కనపెట్టినా, ఆదాయం గీత దగ్గరే ఇల్లు దాటిపోతుంది.

ఆమె ఇంట్లో ఐదుగురు. భర్త మార్కెట్ యార్డులో హమాలీ. ఆమె శెనక్కాయల కాలంలో కూలికి పోతుంది. అత్త, ఈ పిల్లోడు, ఐదో తరగతి చదివే ఆడపిల్ల. అత్తకు నెలకు 4,000 పింఛను, అంటే ఏడాదికి 48,000. ఆడపిల్లకు 13,000. పిల్లోడికి 13,000. మొత్తం 74,000. దీనికి తోడు కార్డు మీద మనిషికి 5 కిలోల లెక్కన నెలకు 25 కిలోల బియ్యం.

74,000ను పన్నెండుతో భాగిస్తే నెలకు 6,200 దగ్గర పడుతుంది. అంటే వాడు ఇంటికి నెలకు 6,200 కంటే తక్కువ పంపితే, బియ్యం సంగతి వదిలేసినా, ఇల్లు ఉన్నచోటి కంటే వెనక్కే పోయినట్టు. ఈ అంకె రాసి చూపించగానే ఆమె బయట నిలబడిన కొడుకు వైపు చూసింది. వాడింకా ఫోనులోనే ఉన్నాడు.

నిజమే, వాడి తిండి ఇంటి మీద ఉండదు, బట్టలు ఇంటి మీద ఉండవు. వాడి 13,000 ఎలాగూ సెకండియర్‌తో అయిపోయేదే. నెలకు 12,000 పంపితే ఇల్లు బాగానే ముందుకు పోతుంది. కానీ పద్దెనిమిదేళ్ల పిల్లోడు మొదటి జీతంతో ఏం కొంటాడో మనకు తెలియనిది కాదు. బండి కంతులు మొదలయ్యాయంటే ఇంటికి పంపడం అయిపోయినట్టే. ఎంత పంపాలో, ఏ తారీకున పంపాలో వాడు రైలెక్కక ముందే మాట్లాడుకోండి. సిగ్గుపడేదేం లేదు.

"వాడి పేరు కార్డులోంచి తీయించేస్తే సరిపోదా అన్నా?" ఇది అందరూ అడిగేదే. పెళ్లికాని కొడుకును ఇంటి మ్యాపింగ్ నుంచి, అంటే సచివాలయం రికార్డుల్లో ఒకే ఇంటివాళ్లుగా కట్టిన లెక్క నుంచి, విడదీయడం అంత తేలిక కాదు. చెప్పకుండా నెట్టుకొద్దామనుకుంటే వాడి జీతం ఖాతా, పాన్, ఆధార్ అన్నీ ఒకదానికొకటి కట్టి ఉన్నాయి. ఏదో ఒక ఏరివేతలో పేరు బయటపడితే అవ్వ పింఛను ఒకటో తారీకు ఉదయం ఆగిపోతుంది, అప్పుడు సచివాలయం చుట్టూ తిరగడం ఇంకా కష్టం. వాడు చేరకముందే సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును అడిగి, మీ ఇంటికి ఏమేమి ఆగుతాయో ఒక కాగితం మీద రాయించుకోండి. నాలుగేళ్లకు వాడు తిరిగొచ్చి ఖాళీగా ఉంటే ఇవన్నీ మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, తమంతట తామే తిరిగి మొదలు కావు. ఆ సంగతి ఇప్పుడే ఎక్కడో రాసిపెట్టుకోండి.

చదువు మానేసేది దేనికి?

నాకు కోపమొచ్చే చోటు ఇది.

మా ఊరి నుంచి ఇంటర్ సగంలో మానేసిన పిల్లల్లో ఎక్కువమంది సైన్యంలో చేరడానికి మానలేదు. సైన్యంలో చేర్పిస్తామన్న అకాడమీలో చేరడానికి మానేశారు. రెండింటికీ చాలా దూరం. ఆర్మీ మిమ్మల్ని చదువు మానమనదు. దరఖాస్తు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల పెట్టాలి, ఫీజు 250. ఆన్‌లైన్ పరీక్ష ఎండాకాలం చివర్లో, ఇప్పుడు తెలుగులో కూడా రాయొచ్చు. అది పాసైతే ర్యాలీ, 1.6 కిలోమీటర్ల పరుగు, బీములు (కడ్డీ పట్టుకుని పైకి లేవడం), మెడికల్. ఇవన్నీ కాలేజీలో పేరుండగానే అయ్యేవి. ఎంపికై పిలుపొచ్చిన రోజున టీసీ తీసుకుంటే చాలు.

మా అక్క కొడుకు సంగతి చెబుతా. ఎంపీసీ సెకండియర్ జూన్‌లో మానేసి వేరే ఊళ్లో ఒక అకాడమీలో చేరాడు. మా బావ రెండు ఎనుములు అమ్మి ఫీజు కట్టాడు. అక్కడ పొద్దున నాలుగింటికి పరుగు, సాయంత్రం పరుగు, మధ్యలో రేకుల షెడ్డులో పడక. ఒరిజినల్ మెమో వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. ర్యాలీలో పరుగు కొన్ని సెకన్ల తేడాతో పోయింది. ఇంటికొచ్చేసరికి హాజరు లేదు, మా అక్కకు ఆ ఏడు తల్లి ఖాతాలో పడాల్సిన డబ్బు లేదు, మెమో తెచ్చుకోవడానికి రెండుసార్లు బస్సెక్కాల్సొచ్చింది. కాలేజీకి పోకుండా హాజరు మినహాయింపు ఫీజు కట్టి ఇంటర్ రాయడం ఆర్ట్స్ గ్రూపులకే ఉంది, సైన్సు గ్రూపులకు లేదు. ఎంపీసీ చదివినవాడు చివరికి సీఈసీ రాసి పాసయ్యాడు. వాడిప్పుడు బెంగళూరులో డెలివరీ పని చేస్తున్నాడు, బాగానే ఉన్నాడు. ఆర్మీ టెక్నికల్ ఎంట్రీకి, ఎయిర్‌ఫోర్సు సైన్సు విభాగానికి, నేవీలో ఇంటర్‌తో చేరే ఎస్సెస్సార్‌కు కావాల్సిన లెక్కలు, ఫిజిక్సు మాత్రం వాడి సర్టిఫికెట్లో లేవు.

అకాడమీలన్నీ మోసమని అనను. పరుగు నేర్పేవాళ్లు, క్రమశిక్షణ పెట్టేవాళ్లు ఉన్నారు. ఎండాకాలం రెండు నెలలు పోతే పోనివ్వండి. కాలేజీ మానిపించి పంపొద్దు, ఒరిజినల్స్ ఇవ్వొద్దు. పరుగైతే అనంతపురం పీటీసీ గ్రౌండులోనో, కర్నూలు, కడప స్టేడియంలోనో, మీ ఊరి కాలేజీ మైదానంలోనో పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. ఇక ఫలానా ఆఫీసరు తెలుసు, మూడు లక్షలిస్తే పని అయిపోతుందనేవాడు గడప తొక్కితే మర్యాదగా మజ్జిగిచ్చి పంపేయండి.

ఇంటర్ లేకుండా చేరినా ఫర్వాలేదా అంటే, పదో తరగతితో చేరిన అగ్నివీర్‌కు సర్వీసులోనే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పన్నెండో తరగతికి సమానమైన సర్టిఫికెట్ వచ్చే ఏర్పాటుంది, ఇగ్నో ద్వారా డిగ్రీ కూడా ఉంది. కాబట్టి ఎంపికైపోయి, సెకండియర్ మధ్యలో పిలుపొస్తే పోవచ్చు, భయపడక్కర్లేదు. ఎంపిక కాకముందే మానేయడం మాత్రం ఏ లెక్కలోనూ కలిసిరాదు. వయసు కనీసం 21 దాకా ఉంది. పదిహేడున్నరకే తొందర పెడుతున్నది ఎవరో చూసుకోండి.

సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ దారి

ఇంటి మేలు ఒక్కటే చూస్తే నాకు అగ్నివీర్ కంటే ఇదే నచ్చుతుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ల జీడీ (జనరల్ డ్యూటీ) కానిస్టేబుల్ పరీక్ష. బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ, అస్సాం రైఫిల్స్ అన్నిటికీ ఒకటే. పదో తరగతి చాలు, వయసు 18 నుంచి 23, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు. 2024 నుంచి తెలుగులో రాయొచ్చు. మూల వేతనం 21,700, దాని మీద డీఏ, మిగతా అలవెన్సులు. నాలుగేళ్ల గడువు లేదు, అరవై ఏళ్ల దాకా ఉద్యోగం. పాత పింఛను లేదు గానీ ఎన్‌పీఎస్‌లో, అంటే జీతంలో కొంత పట్టి దాచే పింఛను పథకంలో, ప్రభుత్వం జీతంలో 14 శాతం వేస్తుంది, 2025 ఏప్రిల్ నుంచి ఖాయమైన పింఛను వచ్చే యూపీఎస్ కూడా ఎంచుకోవచ్చు. పెళ్లాం పిల్లలకు, ఆధారపడిన తల్లిదండ్రులకు వైద్యం ఉంటుంది.

లోపాలు రెండు. ఒకటి, నోటిఫికేషన్ నుంచి చేరేదాకా ఏడాది దాటుతుంది, ఆ ఏడాదంతా పిల్లోడు ఏం చేస్తాడన్నది మీరే చూసుకోవాలి. డిగ్రీలో చేర్పించి రాయించడం మంచిది. రెండు, ఇతను చక్కగా ప్రభుత్వ ఉద్యోగి, కాబట్టి రైస్ కార్డు, అవ్వ పింఛను విషయంలో అడగాల్సిన పనే లేదు, ఆగుతాయి. అయితే ఇక్కడ జీతం నాలుగేళ్లకు ఆగిపోదు కదా, ఆ నష్టం భరించొచ్చు.

అగ్నివీర్ చేసి వచ్చినవాళ్లకు ఈ బలగాల్లో రిజర్వేషన్ ఉంది. కాబట్టి రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. నలుగురిలో ముగ్గురికి రెండో మెట్టు ఇదే కావొచ్చు.

ఆఫీసరు దారి ఇంట్లో ఎంతకాలం ఓర్చుకోవాలి

ఎన్‌డీఏ. అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ. దాని పరీక్ష యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర లోపు, ఇంటర్ చదువుతున్నా రాయొచ్చు. ఆర్మీకి ఏ గ్రూపైనా సరే, నేవీ, ఎయిర్‌ఫోర్సులకు లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ కావాలి. ఫీజు 100, ఎస్సీ, ఎస్టీలకు, ఆడపిల్లలకు అదీ లేదు. ఆడపిల్లల మొదటి బ్యాచ్ 2022లో చేరి 2025 మేలో బయటికొచ్చింది. మన దగ్గర ఆడపిల్లల తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

పూణే దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్లు. చదువు, తిండి, బట్టలు, వైద్యం అంతా ప్రభుత్వమే. కానీ ఆ మూడేళ్లు జీతం లేదు. పైగా పిల్లోడి చేతిఖర్చుకు నెలకు 3,000 దాకా ఇంటి నుంచే పంపాలి, ఆదాయం తక్కువున్న ఇళ్లకు ప్రభుత్వం కొంత సాయం చేస్తుంది. ఆ తర్వాత ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్సుల సొంత అకాడమీలో ట్రైనింగ్ చివరి ఏడాది నెలకు 56,100 స్టైపెండు మొదలవుతుంది. ఆఫీసరైన రోజు నుంచి అదే మూల వేతనం, దానికి తోడు మిలిటరీ సర్వీసు పే 15,500, డీఏ వగైరా. అంటే అగ్నివీర్ నాలుగేళ్లలో ఇంటికొచ్చి సేవానిధితో ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే, ఎన్‌డీఏ పిల్లోడి సంపాదన అప్పుడే మొదలవుతుంది. అక్కడి నుంచి రెండు గీతలూ మళ్లీ కలవవు.

కష్టం ఏమిటంటే ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. తర్వాత ఐదు రోజుల ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు, పైన చెప్పిన బలగం కాదు) ఇంటర్వ్యూ, ఇంగ్లీషులో నోరు తెరవాలి. మన పిల్లలకు లెక్కలు రాక కాదు, నోరు తెరవలేక పోతుంది. ఇంకో సంగతి, సొంత కారణాలతో ట్రైనింగ్ మధ్యలో వదిలేస్తే అయిన ఖర్చు తల్లిదండ్రుల దగ్గర వసూలు చేయొచ్చని చేరేటప్పుడే సంతకం పెట్టించుకుంటారు. చదివి పెట్టండి.

జేఈఈ రాసే పిల్లలకైతే నేవీ వాళ్ల 10+2 బీటెక్ ఎంట్రీ ఉంది. ఎంపీసీలో 70 శాతం, జేఈఈ మెయిన్ ర్యాంకు, తర్వాత ఎస్ఎస్‌బీ. కేరళలోని ఎళిమలలో బీటెక్ చదువు ఖర్చు లేకుండా అయిపోతుంది, బయటికి ఆఫీసరుగా వస్తారు. కర్నూలు, కడప కార్పొరేట్ కాలేజీల్లో లక్షలు పోసి జేఈఈ చదివించే తండ్రులు దీని వంక ఎందుకు చూడరో నాకు అర్థం కాదు.

ఐదో తరగతి చదివే ఆ చెల్లెలి గురించి కూడా ఒకమాట. మదనపల్లె పక్కన కలికిరి సైనిక్ స్కూల్లో ఆరో తరగతికి ఆడపిల్లలనూ తీసుకుంటున్నారు. ఫీజు ఉంటుంది, ఆదాయాన్ని బట్టి స్కాలర్‌షిప్పు ఉంటుంది. ప్రవేశ పరీక్ష ఏడాదికోసారి.

చెడు జరిగితే

ఇది రాయడానికి చేయి ఆడదు, అయినా రాయాలి. గోరంట్ల మండలం కల్లి తండా మురళీ నాయక్ అగ్నివీరే. 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో ప్రాణమిచ్చాడు. ఆ వారమంతా మన జిల్లాలో ఏ టీ అంగడి దగ్గరైనా అదే మాట. రాష్ట్ర ప్రభుత్వం ఆ ఇంటికి 50 లక్షలు, ఐదెకరాల భూమి, 300 గజాల ఇంటిస్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. అది ఆ ఇంటి కోసం ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం. ప్రతి అగ్నివీర్ ఇంటికీ రాసిపెట్టిన హక్కుగా లెక్కలో వేసుకోకూడదు.

హక్కుగా ఉన్నవి ఇవి. 48 లక్షల బీమా, దానికి అగ్నివీర్ ప్రీమియం కట్టక్కర్లేదు. విధి కారణంగా ప్రాణం పోతే ఇంకో 44 లక్షలు, మిగిలిన సర్వీసు కాలానికి జీతం, సేవానిధి. సెలవులో ఇంటికొచ్చినప్పుడు బండి యాక్సిడెంటు లాంటిది జరిగితే బీమా, అప్పటిదాకా జమైన సేవానిధి ఉంటాయి, ఆ 44 లక్షలు ఉండవు. విధుల్లో అంగవైకల్యం వస్తే శాతాన్ని బట్టి 44, 25, 15 లక్షలు ఒకేసారి.

మామూలు సైనికుడి ఇంటికి వీటిలాంటివే కాక నెలనెలా ఫ్యామిలీ పింఛను ఉంటుంది, అగ్నివీర్ ఇంటికి ఉండదు. ఆ పింఛను మాకూ ఇవ్వాలని మురళీ నాయక్ తల్లి బొంబాయి హైకోర్టు తలుపు తట్టింది. నా మటుకు నేను ఆమె వైపే. ఒకే బంకర్లో నిలబడిన ఇద్దరి తల్లుల మధ్య తేడా ఏముంటుంది?

లక్షలు ఒకేసారి వచ్చిన ఇంటికి చుట్టాలూ ఒకేసారి వస్తారు. పింఛను మీద అలా ఎవరూ పడలేరు. నాకు రెండింటిలో పెద్ద తేడా అక్కడే కనిపిస్తుంది.

కాగితాలు

ఆ తల్లి తెచ్చిన కవరు గుమ్మరించి చూశాను. పిల్లోడి పదో తరగతి మెమోలో తల్లి పేరు లక్ష్మీదేవి. ఆమె ఆధార్‌లో లక్ష్మమ్మ. బ్యాంకు పుస్తకంలో బి. లక్ష్మిదేవమ్మ. ముగ్గురూ ఆమే. రేపు పిల్లోడు నామినీగా అమ్మ పేరు రాస్తే ఏ పేరు రాయాలి? మెమోలో పేరే సర్వీసు కాగితాల్లోకి పోతుంది, బ్యాంకు మాత్రం ఆధార్ పేరు అడుగుతుంది. వాడు చేరకముందే ఆధార్‌నూ బ్యాంకు ఖాతానూ మెమో ప్రకారం మార్పించుకోమని చెప్పాను. మెమోలో మార్పించడం కంటే అది సులువు.

ర్యాలీకి పోయేటప్పుడు నివాస, కుల ధ్రువపత్రాలు, కాలేజీ నుంచి నడవడిక పత్రం, సర్పంచు దగ్గర నడవడిక పత్రం, పెళ్లి కాలేదన్న పత్రం కావాలి. సర్పంచు ఇచ్చేవి ఆరు నెలల లోపువి అయి ఉండాలి. ఫొటోలు ఒక కట్ట. ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఉంటే మార్కులు కలుస్తాయి, కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే ఫస్టియర్లోనే చేర్పించండి.

ఇంత చెప్పాక "అయితే ఏం చేయమంటావు అన్నా?" అంది.

నేను చెప్పింది: ఈ ఏడే దరఖాస్తు పెట్టండి, 250 రూపాయల పనే. జూన్‌లో సెకండియర్‌కు తప్పకుండా పంపండి. పిలుపొస్తే అప్పుడు కూర్చుని మాట్లాడుకోండి. రాకపోతే ఎంపీసీతో ఇంటర్ చేతిలో ఉంటుంది, 13,000 మీ ఖాతాలో ఉంటుంది, పద్దెనిమిది నిండగానే జీడీ కానిస్టేబుల్ రాస్తాడు, మళ్లీ అగ్నివీరూ రాస్తాడు. ఇంగ్లీషు మీద ఇష్టముంటే ఎన్‌డీఏ కూడా ఒకసారి రాయనివ్వండి.

పిల్లోడిని లోపలికి పిలిచాం. నెలకు ఇంటికి ఎంత పంపుతావురా అని వాళ్లమ్మ అడిగింది. వాడు సిగ్గుపడి, "అంతా నీకే పంపిస్తా మా" అన్నాడు.

"అంతా వద్దులే. ఏడు వేలు పంపు," అందామె, కాగితం మీది లెక్క చూస్తూ.

ఓటీపీ చెప్పించుకుని ఫారం నింపడం మొదలుపెట్టాను.